పచ్చ బోర్డు అద్దాల మేడకు, ఉడుకు స్లాబ్ పేదోడికి

హైదరాబాద్‌లో ఇవాళ అందరికీ చవకగా దొరికే మాట ఒకటుంది: గ్రీన్. కోకాపేట నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ హోర్డింగ్ చూసినా ఒక మూల ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటుంది. ఇక్కడ డాలస్‌లో, న్యూజెర్సీలో, బే ఏరియాలో శని, ఆదివారాలు పెట్టే ప్రాపర్టీ షోలకు వెళ్లినా అదే ఆకు, అదే మాట. "సార్, మాది గ్రీన్ సర్టిఫైడ్ ప్రాజెక్టు." చూస్తే నలభై అంతస్తుల అద్దాల మేడ. కిటికీ తెరిస్తే వేడి, మూస్తే ఏసీ. కింద మూడు నాలుగు అంతస్తుల కార్ల పార్కింగ్. దీనికి ఒక రేటింగ్, ఆ రేటింగ్‌కు ఒక పలక, ఆ పలక పేరు మీద చదరపు అడుగుకు ఇంకొంత రేటు.

అదే రాష్ట్రంలో, అదే ఎండలో, ఊళ్లలో ఇంకో ఇల్లు లేస్తోంది. నాలుగు వందల చదరపు అడుగులు. సర్కారు ఇచ్చే అయిదు లక్షలు. నెత్తిన బోడి కాంక్రీటు స్లాబ్. దానికి ఏ ఆకు బొమ్మా లేదు. మే నెలలో ఆ స్లాబ్ కింద పగలు కూర్చోలేరు, రాత్రి పడుకోలేరు.

మిత్రులారా, తెలంగాణ కావాలన్నప్పుడు మనం అడిగింది నీళ్లు, నిధులు, నియామకాలు. ఆ మూడింటి మీద ఇన్నేళ్లుగా మనం లెక్కలు అడుగుతూనే ఉన్నాం. ఇల్లు మాత్రం ఆ జాబితాలో లేదు. లేదు కాబట్టే ఎవరు గద్దెనెక్కినా ఎన్ని ఇళ్లు కట్టారన్న అంకె చెప్తే చాలు, మనం చప్పట్లు కొట్టో, తిట్టో వదిలేస్తున్నాం. ఎట్లాంటి ఇల్లు అని ఎవరూ అడగలేదు. నేను ఇవాళ అడుగుతున్నది అదే.

తెలంగాణలో ఏది హరిత గృహమో తేల్చడానికి ఒకే పరీక్ష ఉండాలి. మే నెలలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, ఆ ఇంట్లో ఒక ముసలవ్వ, ఒక పసిపిల్ల ఉండగలరా లేదా? ఈ పరీక్ష పెడితే అద్దాల మేడలు ఫెయిలవుతాయి. మన సర్కారు ఇళ్లూ ఫెయిలవుతాయి. మేడలో ఉన్నవాళ్లకు జనరేటర్ ఉంది. స్లాబ్ కింద ఉన్నవాళ్లకు ఏముంది?

ఇది మాటవరసకు అన్నది కాదు. 2015 మే ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లు, ఇల్లూ వాకిలీ సరిగ్గా లేనివాళ్లు. వడదెబ్బ అనగానే ఎండలో తిరిగినందుకు తగిలిందనుకుంటాం. రాత్రంతా ఉడికే గదిలో పడుకుని, ఒళ్లు చల్లబడే వీలే లేక, తెల్లారి మళ్లీ ఎండకు పోయిన మనిషి సంగతి ఎవరూ రాయరు. దెబ్బ సగం ఎండ కొడితే సగం ఇల్లే కొడుతుంది.

స్లాబ్ ఏం చేస్తుంది?

నేను సివిల్ ఇంజనీరింగ్ చదివి, మన బ్యాచ్‌లో చాలామందిలాగే సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాణ్ని. మర్చిపోగా మిగిలిన చదువుతోనే చెప్తాను.

అయిదంగుళాల కాంక్రీటు స్లాబ్ పొద్దంతా ఎండను తాగుతుంది. అది తాగిన వేడి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అంటే బయట పొద్దు గూకి గాలి కాస్త చల్లబడే వేళకు లోపల స్లాబ్ అడుగు భాగం వేడి కక్కడం మొదలుపెడుతుంది. ఫ్యాన్ వేస్తే ఆ వేడినే నెత్తిన కొడుతుంది. అందుకే మన ఊళ్లలో ఎండకాలం రాత్రి స్లాబ్ ఇళ్లవాళ్లు మంచాలు వాకిట్లో వేసుకుంటారు. సర్కారు లక్షలు పెట్టి కట్టించిన ఇంట్లోంచి మనిషి రాత్రిపూట బయటికి పారిపోతున్నాడంటే ఆ ఇల్లు దేనికి కట్టినట్టు?

కేంద్రం 2018లో ఇళ్ల కోసం 'ఎకో నివాస్ సంహిత' అని ఒక కోడ్ తెచ్చింది. అందులో కప్పుకు ఒక హద్దు పెట్టారు. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పు గుండా 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదు. ఏ పొరా లేని బోడి స్లాబ్ గుండా దానికి మూడింతలకు పైనే దిగుతుంది. మరి ఆ కోడ్ ఎవరికి? 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు! యాభై, అరవై గజాల జాగాలో ఇల్లు కట్టుకునేవాడు ఆ కోడ్ కంటికి ఆనడు.

మన రాష్ట్రం ఇంకో అడుగు ముందుకేసింది. 2023 ఏప్రిల్‌లో దేశంలోనే మొదటిసారి కూల్ రూఫ్ పాలసీ ప్రకటించింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలన్నది లక్ష్యం. మంచి పనే, మెచ్చుకోవాల్సిందే. కానీ అందులోనూ 600 గజాల లోపు ఇళ్లకు అది ఐచ్ఛికం. అంటే ఏసీలు ఉన్న ఇంటికి చల్లని కప్పు తప్పనిసరి, ఫ్యాన్ ఒక్కటే ఉన్న ఇంటికి నీ ఇష్టం. చట్టం రాసేవాళ్లకు పేదోడి మీద కోపం ఉండి ఇట్లా జరగలేదు. పేదోడి ఇంటిని ఒక భవనంగా వాళ్లు అసలు లెక్కలోకే తీసుకోలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మన పాత ఇళ్లకు తెలిసింది మన ఎస్టిమేట్లకు తెలియదు

ఈ నేల మీద ఈ ఎండ ఇవాళ కొత్తగా కాయడం లేదు. మన తాతలు కట్టుకున్న మిద్దెలు, గూన పెంకుటిళ్లు ఈ ఎండ కోసమే కట్టినవి. మందం మట్టి గోడ, ఎత్తు తక్కువ దర్వాజ, ముందు సాయమాను, వెనక వేప చెట్టు. గూన పెంకుల మధ్య సందుల్లోంచి వేడి గాలి పైకి పోయేది. దొర గడీలో రెండడుగుల మందం డంగు సున్నం గోడలు ఉండేవి. మే నెలలో కూడా గడీలోకి అడుగు పెడితే చల్లగా తగిలేదంటారు మా పెద్దలు. బయట వెట్టి చేసేవాడికి ఎండ, లోపల దొరకు చల్లదనం. ఆనాడు చల్లని ఇల్లు దొర సొత్తు. ఇవాళ చల్లని ఇల్లు సర్టిఫికెట్ ఉన్నవాడి సొత్తు. ఏం మారింది?

పాతదంతా బంగారమని నేను అనడం లేదు. మిద్దెలు వానకు కురిశాయి, చెదలు పట్టాయి, ముసురు పడితే గోడలు కూలి మనుషులు చచ్చిపోయారు. మట్టి ఇంట్లో ప్రతి ఏడూ అలుకుడు, పూతలు చేసి నడుములు వంగింది ఆడవాళ్లకే. అందుకే జనం స్లాబ్ కోరుకున్నారు. దళితవాడలో, తండాలో స్లాబ్ ఇల్లంటే అది కప్పు ఒక్కటే కాదు, ఊళ్లో తలెత్తుకు తిరిగే ధైర్యం. ఆ కోరిక న్యాయమైనది. దాన్ని ఎక్కిరించే హక్కు ఎయిర్ కండిషన్డ్ ఇంట్లో కూర్చున్న మనకెవరికీ లేదు. కానీ కురవని కప్పు కావాలని అడిగినవాడికి ఉడికించే కప్పు ఇచ్చి చేతులు దులుపుకోవడం ఇంజనీరింగ్ అనిపించుకోదు.

ఒక తమాషా చెప్తాను. హైటెక్ సిటీ పక్కనే కొత్తగూడలో సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. అమెరికా బయట 'లీడ్' ప్లాటినం రేటింగ్ అందుకున్న మొట్టమొదటి భవనం అది. మన గడ్డ మీద ఉంది, గర్వపడాల్సిన విషయం. అందులో ఏం వాడారు? నడుమ ఖాళీ వాకిళ్లు, గాలి ఆడే జాలీ గోడలు, గాలిని కిందికి లాగే బురుజులు, కప్పు మీద మట్టి, మొక్కలు. ఇవన్నీ మన పాత ఇళ్ల నుంచీ, పాత కోటల నుంచీ వచ్చినవే. లోకంలో అతి పెద్ద రేటింగ్ తెచ్చుకున్న బిల్డింగ్‌కు పనికొచ్చిన తెలివి, ఇరవై ఏళ్ల తర్వాత కూడా పాలకుర్తిలోనో పరిగిలోనో సర్కారు ఇల్లు కట్టే ఏఈ ఎస్టిమేట్‌లోకి ఎందుకు రాలేదు?

ఎందుకంటే ఆ ఎస్టిమేట్‌కు ఒక బైబిల్ ఉంది. దాని పేరు ఎస్సెస్సార్, స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్. అందులో ఐటెమ్ ఉంటేనే ఏఈ ఎస్టిమేట్ రాయగలడు, ఎం.బుక్‌లో ఎక్కించగలడు, బిల్లు పాస్ చేయగలడు. ఊళ్లో దొరికే మట్టితో బ్లాకు కొట్టి గోడ కట్టాలంటే ఆయన దగ్గర రేటు కావాలి, పద్ధతి కావాలి, రేపు ఆడిట్ అడిగితే చూపించడానికి కాగితం కావాలి. అవి లేనప్పుడు మంచి ఏఈ కూడా మనకెందుకొచ్చిన గొడవ అని సిమెంటు, కంకర, స్టీలు రాసేస్తాడు. ఆయన తప్పు పట్టను. పైన కూర్చుని ఆ పుస్తకం రాసేవాళ్లను అడుగుతున్నాను.

మూడు సర్కార్లు, ఒకే పెట్టె

ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్లు వచ్చాయి. లక్షల అంకెలు చెప్పారు. కట్టకుండానే బిల్లులు ఎత్తారన్న ఆరోపణలపై కొత్త రాష్ట్రం 2014లోనే సీఐడీ విచారణ వేయాల్సి వచ్చింది. తర్వాత మన సొంత సర్కారు డబుల్ బెడ్‌రూం ఇళ్లు అన్నది. 560 చదరపు అడుగులు, రెండు పడక గదులు. పేదోడికి రెండు గదులు ఎందుకు ఉండకూడదు అని అడిగిన ఆ ప్రశ్న గొప్ప ప్రశ్న, నేను ఇప్పటికీ దాన్ని సమర్థిస్తాను. ఇప్పుడు మళ్లీ ఇందిరమ్మ ఇళ్లు. సొంత జాగాలో కనీసం 400 చదరపు అడుగులు, అయిదు లక్షల సాయం. పార్టీలు మారాయి, పేర్లు మారాయి, గోడల మీద రంగులు మారాయి. కాంక్రీటు పెట్టె మాత్రం మారలేదు.

ఇప్పటి పథకంలో డబ్బులు ఎట్లా ఇస్తున్నారో చూడండి. బేస్‌మెంట్ అయితే లక్ష. గోడలు లేస్తే లక్షా ఇరవై అయిదు వేలు. స్లాబ్ పడితే లక్షా డెబ్బై అయిదు వేలు. పని పూర్తయితే మిగతా లక్ష. అన్నింటికన్నా పెద్ద కిస్తీ స్లాబ్‌కే. ఫొటో తీసి యాప్‌లో ఎక్కించేదీ స్లాబ్‌నే. అంటే కుటుంబం మొత్తం ఆ స్లాబ్ కోసం అప్పు చేసి, ఆ స్లాబ్ కోసం ఎదురుచూసి, చివరికి ఆ స్లాబ్ కింద ఉడుకుతుంది.

లెక్క వేద్దాం. మొదటి దశలో చెప్పింది 4.5 లక్షల ఇళ్లు, 22,500 కోట్ల రూపాయలు. ఇంటికి 400 చదరపు అడుగులే అనుకున్నా 18 కోట్ల చదరపు అడుగుల కప్పు. అంటే 16 చదరపు కిలోమీటర్లకు పైన. చదరపు అడుగుకు 0.4 బస్తా సిమెంటు అన్నది మేస్త్రీలందరికీ తెలిసిన మోటు లెక్క. దాని ప్రకారం ఇంటికి 160 బస్తాలు, మొత్తం 7 కోట్ల 20 లక్షల బస్తాలు, అంటే 36 లక్షల టన్నులు. టన్ను సిమెంటు తయారైతే ఎంత లేదన్నా 600 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. అందులో సగానికి పైగా బట్టీలో మండే బొగ్గు వల్ల వచ్చేది కాదు, సున్నపురాయి కాలి క్లింకర్‌గా మారేటప్పుడు రాయిలోంచే వచ్చేది. కాబట్టి ఫ్యాక్టరీ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టినంత మాత్రాన అది పోదు. ఇక ఇసుక సంగతి మానేరు ఒడ్డు ఊళ్లను అడగండి.

ఈ లెక్క పేదోడి మీదికి నెట్టడానికి వేయలేదు. కోకాపేటలో ఒక్క టవర్ తినే సిమెంటు ముందు ఒక ఇందిరమ్మ ఇల్లు ఎంత? ఇన్ని వేల కోట్లు, ఇంత సిమెంటు, ఇంత ఇసుక పోసి కూడా మే నెలలో ఉండలేని ఇల్లే వస్తుంటే, నష్టపోతున్నది భూమీ, ఆ ఇంట్లో ఉండే మనిషీ ఇద్దరూ. అది చెప్పడానికే ఈ లెక్క.

బయట ఎవరైనా చేసి చూపించారా?

చేశారు. మనకన్నా పేద దేశాల్లో కూడా చేశారు.

మన పక్కనే కేరళ. ఇంగ్లాండ్‌లో పుట్టి 1945లో ఈ దేశానికి వచ్చి, ఇక్కడే బతికి 2007లో కన్నుమూసిన లారీ బేకర్ పేరు సివిల్ చదివిన ప్రతివాడూ వినాలి. మా నాలుగేళ్ల సిలబస్‌లో నాకు ఎక్కడా వినిపించలేదు. ఇటుకను పడుకోబెట్టకుండా నిలబెట్టి, నడుమ గాలి సందు వదిలి కట్టే 'ర్యాట్ ట్రాప్' గోడను ఆయన ఇంటింటికీ తీసుకుపోయాడు. తొమ్మిదంగుళాల గోడే, కానీ ఇటుకలు నాలుగో వంతు తగ్గుతాయి. సందులోని గాలి ఎండను ఆపుతుంది. స్లాబ్‌లో కింది భాగం కాంక్రీటు బరువు తప్ప పెద్దగా మోసేదేమీ లేదు, అక్కడ పాత పెంకులు పెట్టి పోస్తే కాంక్రీటు, స్టీలు రెండూ తగ్గుతాయి, కప్పు కూడా తక్కువ వేడెక్కుతుంది. దీన్నే ఫిల్లర్ స్లాబ్ అంటారు. తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ క్యాంపస్ మొత్తం ఇట్లాగే కట్టాడు. ఆయన వెనుక నిలబడ్డది ఎవరు? ముఖ్యమంత్రిగా చేసిన అచ్యుత మీనన్. 1985లో 'కాస్ట్‌ఫోర్డ్' సంస్థను మొదలుపెట్టినవాళ్లలో ఆయనా ఒకరు. ముఖ్యమంత్రి స్థాయి మనిషి నమ్మితే ఇటుక గోడ కూడా విధానం అవుతుంది.

ఆఫ్రికాలో బుర్కినా ఫాసో. మన పాలమూరు కన్నా మండే నేల. ఫ్రాన్సిస్ కెరే తన ఊరు గాండోలో 2001లో బడి కట్టాడు. ఊరి మట్టిలో కొంచెం సిమెంటు కలిపి ఒత్తిన ఇటుకలు. కప్పు రేకులే, కానీ వాటిని ఇటుకల సీలింగ్‌కు ఆనించకుండా పైకి ఎత్తి పెట్టాడు. మధ్యలోంచి గాలి పోతూ రేకుల వేడిని ఎత్తుకుపోతుంది. కట్టింది ఊరి జనమే. ఆ మనిషికే 2022లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, అంటే కట్టడాల రంగంలో నోబెల్ లాంటిది. మన ఊళ్లలో రేకుల ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఆ రేకుల కింద ఒక సీలింగ్, నడుమ జానెడు గాలి. దీనికి ఏ కంపెనీ పేటెంట్ అడ్డం వస్తుంది?

చిలీలో ఇకీకే పట్నం నడుమ ఉన్న బస్తీని ఊరి బయటికి నెట్టేయకుండా, దాదాపు వంద కుటుంబాలకు అక్కడే ఇళ్లు కట్టాడు అలెహాంద్రో అరవేనా. సర్కారు ఇచ్చిన సాయం కుటుంబానికి 7,500 డాలర్లు. మొత్తం ఇంటికి చాలదు కాబట్టి, కుటుంబం తనంతట తాను కట్టుకోలేని సగాన్ని గట్టిగా కట్టి ఇచ్చాడు. మిగతా సగానికి జాగా వదిలాడు. పైసలు చేతికొచ్చినప్పుడు వాళ్లే కట్టుకున్నారు. పని దగ్గర, బడి దగ్గర, దవాఖాన దగ్గర ఉండటం కూడా హరితమే అని ఆయనకు తెలుసు.

మనకూ తెలుసు! సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 2015లో మన సర్కారు చేసింది అదే. పాత కాలనీ ఉన్నచోటనే 396 ఇళ్లు కట్టి, ఆ కుటుంబాలకే ఇచ్చింది. దేశమంతా వచ్చి చూసింది. తర్వాత ఏమైంది? 2023లో ఔటర్ రింగ్ రోడ్డు అవతల కొల్లూరులో ఒకేచోట 15,660 ఫ్లాట్లు కట్టాం. ఆసియాలోనే పెద్దది అని చెప్పుకున్నాం. ముషీరాబాద్‌లోనో మలక్‌పేటలోనో నాలుగిళ్లలో పనిచేసే అక్కకు లాటరీలో అక్కడ ఇల్లు తగిలితే, ఆమె పొద్దున ఎన్నింటికి లేవాలి? ఎన్ని బస్సులు మారాలి? తొమ్మిది, పది అంతస్తులకు నీళ్లెక్కించే మోటార్ బిల్లు, లిఫ్ట్ మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి? ఐడీహెచ్ కాలనీకి, కొల్లూరుకు మధ్య తేడా ఎక్కడొచ్చింది? మొదటిదాంట్లో మనిషి జీవితాన్ని చూసి ఇల్లు కట్టారు. రెండోదాంట్లో ఖాళీ భూమి ఎక్కడుందో చూసి కట్టారు.

"పేదోడికి మట్టి ఇల్లు, మీకు విల్లానా?"

ఈ మాట ఎవరో ఒకరు అంటారని తెలుసు. అనాలి కూడా. బడుగులకు ఎప్పుడూ ప్రయోగాలే, పెద్దోళ్లకు పక్కా ఇళ్లు అన్నది ఈ దేశంలో అబద్ధం కాదు.

నా జవాబు ఇది. ప్రయోగం పేదోడి ఇంటి మీద మొదలుపెట్టొద్దు. కొత్తగా కట్టే ప్రతి తహసీల్దార్ ఆఫీసు, గురుకులం, ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు ముందు ఇట్లా కట్టండి. కలెక్టర్ కూర్చునే గదికి ర్యాట్ ట్రాప్ గోడ, ఫిల్లర్ స్లాబ్ పెట్టండి. ఎమ్మెల్యే ఇంటి ముందు తాండూరు రాయి పరవడం మనకు తెలుసు, ఆయన మీటింగ్ హాలు గోడలు కూడా ఆ రాయితోనే లేపండి. పెద్దోడు ఉంటే అది ఫ్యాషన్ అవుతుంది, అప్పుడు పేదోడికి చిన్నతనం ఉండదు. మన ఎన్నారైల ఇళ్లూ అందులో లెక్కే. ఊళ్లో మూడంతస్తుల మేడ కట్టి, ముందు గేటుకు సింహాలు పెట్టి, ఏడాదిలో పదిహేను రోజులు ఉండి వచ్చేది మనమే. ఊళ్లో ఏది గొప్ప ఇల్లో నేర్పింది మనమే.

రెండేళ్ల కింద మా ఊళ్లో అమ్మ కోసం రెండు అర్రలు కట్టించాను. సుతారి మేస్త్రీకి ర్యాట్ ట్రాప్ బొమ్మ గీసి చూపిస్తే నవ్వాడు. "ఏంది తమ్మీ, గోడల సందులు పెట్టి కడితే ఇల్లు నిలుస్తదా? ఊళ్లె నన్నెవడన్న పనికి పిలుస్తడా?" అన్నాడు. మొదటి రెండు వరసలు ఇద్దరం కలిసి పెట్టాం. మూడోనాటికి ఆయన చేయి తిరిగింది. తెప్పించిన ఇటుకల్లో నాలుగో వంతు మిగిలితే, వాటితోనే వాకిట్లో గద్దె కట్టాడు. ఇప్పుడు ఆయనే ఇంకో ఇద్దరికి అట్లా కట్టాడు. చెప్పేదేమంటే, ఇది నేర్చుకోవడానికి నెల పట్టదు. మాదాపూర్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ 1998 నుంచి ఉంది, పని నేర్పడమే దాని పని. మండలానికి పది మంది సుతారులకు వారం రోజులు నేర్పితే ఈ పద్ధతి రాష్ట్రమంతా పాకుతుంది.

ఇంకో మాట అంటారు: ఇవన్నీ ఖర్చు. ఖర్చు ఎక్కడ? స్లాబ్ మీద సున్నం కొట్టడానికి కొన్ని వందల రూపాయలు చాలు. తెల్లగా మెరిసే కప్పు ఎండను తిప్పికొడుతుంది, కింద గదిలో రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. రామగుండం, కొత్తగూడెం థర్మల్ ప్లాంట్ల బూడిద గుట్టలుగా పడి ఉంది, ఆ బూడిదతో ఇటుకలు ఇప్పటికే చేస్తున్నారు. తాండూరు గనుల చుట్టూ విరిగిన రాళ్ల దిబ్బలు పెరుగుతున్నాయి. ఇవి మనం డబ్బు పెట్టి కొనాల్సినవి కావు, వదిలించుకోవాల్సినవి. ఖర్చు గురించే మాట్లాడాలనుకుంటే, 2023లో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి పోయింది. వంద కోట్లంటే అయిదు లక్షల చొప్పున రెండు వేల ఇళ్లు. ఒక్క ఎకరం!

ఏం అడగాలి?

విమర్శ సులువు, అందుకే సూటిగా చెప్తున్నాను. మన సంఘాలు హైదరాబాద్‌కు వెళ్లినప్పుడు మంత్రులకు శాలువా కప్పి ఫొటో దిగే ముందు ఈ నాలుగు అడగాలి.

మొదటిది, స్లాబ్ కిస్తీతో పాటే తెల్ల సున్నం. ఇంటి స్లాబ్ ఫొటో యాప్‌లోకి ఎక్కేటప్పుడు అది తెల్లగా ఉండాలి. సున్నం సర్కారే ఇవ్వాలి. 4.5 లక్షల ఇళ్లకు ఇది చేస్తే కూల్ రూఫ్ లక్ష్యంలో 16 చదరపు కిలోమీటర్లు ఒక్క పథకంతో వచ్చేస్తాయి. జీవో మార్చనక్కర్లేదు, సర్క్యులర్ చాలు.

రెండోది, ఎస్సెస్సార్‌లో ర్యాట్ ట్రాప్ గోడ, ఫిల్లర్ స్లాబ్, ఒత్తిన మట్టి బ్లాకు, తాండూరు రాతి గోడ, డంగు సున్నం అన్నింటికీ రేటు, పద్ధతి రాయాలి. ఫిల్లర్ స్లాబ్ కూడా ఆర్‌సీసీనే, పథకం నిబంధనకు ఎక్కడా అడ్డం రాదు. అప్పుడు ఏఈకి భయం పోతుంది.

మూడోది, మండలానికో మోడల్ ఇందిరమ్మ ఇల్లు కడుతున్నారు కదా, దాని పక్కనే అవే అయిదు లక్షలతో చల్లని మోడల్ ఇంకొకటి కట్టాలి. రెండింట్లోనూ ఒక థర్మామీటర్ వేలాడదీయాలి. మే నెలలో జనం వచ్చి చూసుకుంటారు. మన ఉపన్యాసాలు అక్కర్లేదు.

నాలుగోది, నగరంలో బస్తీ ఉన్నచోటనే ఇల్లు. ఐడీహెచ్ కాలనీ మనకు దారి చూపింది. ఆ దారిలో వెళ్లాలి తప్ప ఇంకో కొల్లూరు కట్టొద్దు.

ఇక మనకు. వచ్చే ప్రాపర్టీ షోలో గ్రీన్ అన్న ప్రతి బిల్డర్‌ను ఒకే ప్రశ్న అడగండి: కరెంటు పోతే మీ ఫ్లాట్ లోపల మే నెలలో ఎన్ని డిగ్రీలు? నీళ్లు నములుతాడు. నమలనివ్వండి. బతుకమ్మ, దసరా వేడుకలకు హాలు అద్దెకు మనం పెట్టే డబ్బులో పదో వంతు తీసి, మన ఊరి సుతారి మేస్త్రీలకు శిక్షణ ఇప్పిద్దాం. ఊళ్లో మనం కట్టే తర్వాతి ఇల్లు చల్లని ఇల్లు కావాలి. చిన్నదైనా సరే.

2009 డిసెంబర్‌లో చలికి వణుకుతూ ప్లకార్డులు పట్టుకున్నప్పుడు మనలో చాలామందికి ఇంకా స్టూడెంట్ వీసాలే. మన పాలన వస్తే మన ఇంజనీర్లు మన నేలను చూసి, మన ఎండను చూసి, మన మనిషిని చూసి పని చేస్తారని మనకు మనమే చెప్పుకున్నాం. సాగునీటి దగ్గర ఆ మాట మీద ఇప్పటికీ కొట్లాడుకుంటున్నాం. ఇంటి దగ్గర ఆ మాట ఇంకా ఎవరూ ఎత్తనే లేదు. రాష్ట్రం వచ్చింది. పేదోడి నెత్తిన నీడ కూడా వచ్చింది. ఆ నీడ చల్లగా ఉండాలని అడగడం మిగిలింది, అడుగుదాం.

జై తెలంగాణ!